పెద్దల ఆరోగ్య బీమా : చెప్పిన రోగము, దాచిన రోగము

ప్రతి సంవత్సరమును ఈ సంచికలో పిల్లల చదువును గూర్చియు, మాతృభాషను గూర్చియు నాలుగు మాటలు చెప్పుకొనుట మనకు వాడుక. ఈ సంవత్సరము ఆ పిల్లలను చేయిపట్టుకొని ప్రతి ఉదయము బడి గుమ్మము వరకు తెచ్చి దిగవిడుచు తాతలను, అవ్వలను గూర్చి ఒక పాఠము వ్రాయ సంకల్పించితిమి. అందుకు కారణము లేకపోలేదు.

గత సంవత్సరము ఒక ఆదివారమునాడు మన విద్యార్థి తండ్రి యొకరు తమ తండ్రిగారిని వెంటబెట్టుకొని సంఘ కార్యాలయమునకు వచ్చిరి. ఆ పెద్దాయన ఈ షోలాపురములో నలువది యేండ్లు మగ్గము మీద పనిచేసినవారు. వయస్సు 66 సంవత్సరములు. గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్పగా వైద్యులు రక్తనాళములో స్టెంటు వేసి ప్రాణము నిలిపిరి. వారికి ఆరోగ్య బీమా పాలసీ యున్నది. తీసికొని రెండు సంవత్సరములు నిండలేదు. ఆసుపత్రి ఖర్చు చెల్లింపుడని కోరగా బీమా కంపెనీవారు ఆంగ్లములో ఒక ఉత్తరము వ్రాసిరి. దానిని మాచే చదివించుకొనుటకే వారిద్దరును వచ్చిరి. అందలి సారాంశమిది: పాలసీ తీసికొనునప్పుడు మధుమేహము లేదని వ్రాసితిరి, ఆసుపత్రి కాగితములలో పదకొండు సంవత్సరములుగా మధుమేహమున్నట్లు కలదు, కావున క్లెయిము చెల్లదు, పాలసీయు రద్దయినది.

కుమారుడు తలవంచుకొని కూర్చుండెను. పత్రము నింపినవాడతడే. చక్కెర వ్యాధి యున్నదని వ్రాసినచో పాలసీ రాదనియు, వచ్చినను ప్రీమియము పెరుగుననియు ఏజెంటు చెప్పగా, 'లేదు' అనుచోట గుర్తు పెట్టెను. తండ్రికి చదివి వినిపింపలేదు. సంతకము మాత్రము తీసికొనెను. ఆ పెద్దాయన మాతో అన్న మాట ఒక్కటే: "నన్నెవరడిగిండ్రయ్యా? అడిగితే చెప్పకపోదునా?"

ఆసుపత్రి బాకీ తీర్చుటకు ఆ కుటుంబము తమ రెండు మరమగ్గములలో ఒకదానిని అమ్ముకొనవలసి వచ్చినది. ఆ యింటివారు మోసగాండ్రు కారు. తెలియక, తొందరపడి, ఒక చిన్న గడిలో ఒక తప్పు గుర్తు పెట్టినవారు. అట్టి గుర్తు మన పేటలలో ఇంకెన్ని యిండ్లలోని పత్రములపై నున్నదో! అందుకే ఈ పాఠము.

బీమా యననేమి?

చీటి పాట మనకందరకు తెలిసినదే. ఇరువదిమంది నెలనెలా సొమ్ము వేయుదురు. వంతు వచ్చినవారు పాడుకొందురు. చివరకు అందరికిని సొమ్ము ముట్టును. బీమా కూడ పలువురు కలిసి సొమ్ము వేయు పద్ధతియే గాని, ఒక భేదము కలదు. ఇందు ఆపద వచ్చినవారికే సొమ్ము ముట్టును. ఆపద రానివారి సొమ్ము ఇతరుల ఆపదకు వ్యయమగును. కావున సొమ్ము వేయించుకొనువారు, చేరునట్టి వ్యక్తికి ఆపద ఎంత దగ్గరలో నున్నదో ముందుగా విచారింతురు. వయస్సెంత, ఏ వ్యాధులున్నవి, ఏ మందులు వాడుచున్నారు అను ప్రశ్నలన్నియు ఇందుకే.

ఈ ప్రశ్నలకు నిజమైన జవాబు తెలిసినవారు ఆ వ్యక్తియు, అతని వైద్యుడును మాత్రమే. కంపెనీవారు మన శరీరములోనికి తొంగిచూడలేరు. అందుచేత బీమా ఒప్పందము తక్కిన ఒప్పందములవంటిది కాదని న్యాయశాస్త్రము చెప్పుచున్నది. బజారులో గుడ్డ కొనునప్పుడు కొనువాడు తాను చూచి కొనుక్కొనవలెను. బీమాలో అడుగబడిన విషయమును తెలిసినవాడు తెలిసినట్లు చెప్పవలెను. దీనినే పరమ విశ్వాస సూత్రమందురు. వైద్యునితోను వకీలుతోను దాపరికము పనికిరాదని మన పెద్దలందురు. బీమా పత్రమును మూడవదిగా అందు చేర్చుకొనవలెను.

మన దేశములో ప్రభుత్వ రంగములోని సాధారణ బీమా కంపెనీలు 1986లో మెడిక్లెయిము అను పేర ఆరోగ్య బీమాను ప్రారంభించినవి. 1999లో చేసిన చట్టము ననుసరించి బీమా వ్యాపారమును నియంత్రించుటకు ఒక సంస్థ యేర్పడినది. దాని ప్రధాన కార్యాలయము హైదరాబాదులో నున్నది. ఆ సంస్థ 2024లో ఆరోగ్య బీమా నియమములను చాలవరకు మార్చినది. పెద్దల విషయములో ఆ మార్పులు ముఖ్యమైనవి గనుక వానిని ఒక్కొక్కటిగా చూతము.

పూర్వరోగము

పాలసీ ఆరంభమగుటకు ముందునుండియే యున్న వ్యాధిని పూర్వరోగమని పిలుతము. ఇందుకు నియమములలో ఒక హద్దు కలదు. పాలసీ ఆరంభమునకు ముందు 36 నెలలలోపల వైద్యుడు నిర్ధారించిన వ్యాధి గాని, ఆ 36 నెలలలోపల వైద్యుని సలహా గాని చికిత్స గాని పొందిన వ్యాధి గాని పూర్వరోగము.

ఒక ఉదాహరణము. ఇరువది యేండ్ల క్రిందట చేయి విరిగి, కట్టు కట్టించుకొని, పూర్తిగా నయమై, మరల వైద్యుని యొద్దకు పోనివారికి అది పూర్వరోగము కాదు. ఇరువది యేండ్ల క్రిందట రక్తపు పోటు బయటపడి, నేటికిని ఉదయమున ఒక మాత్ర వేసికొనుచున్నవారికి అది పూర్వరోగమే. వ్యాధి అదుపులో నున్నంత మాత్రమున అది లేనట్లు కాదు. "నాకు బీపీ లేదు, మాత్ర వేసుకుంటున్నాను గదా!" అని మన పెద్దలు తరచుగా అనుట వినుచున్నాము. మాత్ర వేసికొనుటయే వ్యాధి కలదనుటకు సాక్ష్యము.

ఇక లోపల నున్నను ఎవరికిని తెలియని వ్యాధి మాటయేమి? పాలసీ తీసికొన్న తరువాత మొదటిసారిగా బయటపడినచో, ముందు ఏ వైద్యుడును చెప్పియుండనిచో, దానిని దాచితిరన్న నింద మోపుటకు వీలులేదు. తెలిసినది చెప్పుటయే మన బాధ్యత.

వేచియుండు కాలము

పూర్వరోగము కలదని చెప్పినచో బీమా దొరకనే దొరకదన్న భయము చాలమందికి కలదు. ఇది సంపూర్ణముగా నిజము కాదు. చాలమందికి పాలసీ లభించును. గాని ఆ వ్యాధి వలన కలుగు ఖర్చును కంపెనీ కొంతకాలము వరకు చెల్లింపదు. ఆ కాలమునే వేచియుండు కాలమందురు. పూర్వము ఇది 48 నెలల వరకు ఉండవచ్చును. 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము 36 నెలలకు మించరాదు. ఇది హెచ్చు పరిమితి మాత్రమే. ఎక్కువ ప్రీమియము తీసికొని ఇంతకన్న తక్కువ కాలము పెట్టు పాలసీలును కలవు.

లెక్క చేసి చూతము. ఒక తాతగారు 2026 జూన్ 1న పాలసీ తీసికొని, తమకు మధుమేహమున్నదని పత్రములో వ్రాసిరనుకొనుడు. వేచియుండు కాలము 36 నెలలు. అనగా 2029 మే 31 వరకు మధుమేహము వలనను, దాని వలన కలుగు చిక్కుల వలనను ఆసుపత్రిలో చేరినచో ఖర్చు వారిదే. కాని 2026 ఆగస్టులో డెంగీ జ్వరము వచ్చి చేరినచో ఆ ఖర్చు కంపెనీదే. రోడ్డు ప్రమాదమైనచో మొదటి దినమునుండియే కంపెనీదే. ప్రమాదము గాక తక్కిన జబ్బులకు మొదటి 30 దినములు మినహాయింపు. ఇవి గాక కంటి శుక్లము, హెర్నియా, మోకాటి కీలు మార్పిడి వంటి కొన్ని చికిత్సలకు, పూర్వరోగము లేనివారికి సైతము, ప్రత్యేకమైన వేచియుండు కాలము కలదు. అదియు 36 నెలలకు మించరాదు.

ఈ కాలము వ్యర్థము కాదు. ప్రతి నెలయు జమ యగుచుండును. ఒక కంపెనీనుండి మరియొక కంపెనీకి పాలసీ మార్చుకొన్నను గడిచిన కాలము లెక్కకు వచ్చును. రెండు విషయములలో మాత్రము జాగ్రత్త వహింపవలెను. మొదటిది, పాలసీ తెగిపోనీయరాదు. సంవత్సర ప్రీమియమునకు గడువు దాటినను 30 దినముల వెసులుబాటు కలదు. అదియు దాటినచో మూడేండ్లు వేచిన ఫలము పోయి మరల మొదటికి రావలసి యుండును. రెండవది, బీమా మొత్తమును 3 లక్షలనుండి 5 లక్షలకు పెంచుకొన్నచో, పెరిగిన 2 లక్షలకు వేచియుండు కాలము క్రొత్తగా ఆరంభమగును.

వయస్సు

లోగడ కంపెనీలు కనీసము 65 సంవత్సరముల వయస్సు వరకు క్రొత్తవారిని చేర్చుకొనునట్టి పాలసీలను ఇయ్యవలెనను నియమ ముండెడిది. చాల కంపెనీలు ఆ గీత యొద్దనే తలుపు మూసెడివి. 2024 నియమములలో ఆ గీతను తొలగించి, అన్ని వయస్సులవారికిని తగిన పాలసీలను సిద్ధపరుపవలెనని నిర్దేశించిరి. ఇందు పొరపాటు పడరాదు. ప్రతి పాలసీయు ప్రతి పెద్దకు ఇచ్చితీరవలెనని దీని అర్థము కాదు. అడుగుటకు తలుపు తెరచియున్నదని మాత్రమే అర్థము. కంపెనీవారు వైద్య పరీక్షలు చేయింపవచ్చును, ప్రీమియము పెంచవచ్చును, కాదనియు అనవచ్చును. కాదన్నచో కారణమును వ్రాతమూలకముగా అడిగి తీసికొని, మరియొక కంపెనీ నడుగవలెను.

పెద్దల పాలసీలలో కో-పేమెంటు అను షరతు తరచుగా నుండును. అనగా ప్రతి ఖర్చులోను ఇంత భాగము మనమే భరింపవలెనని. అది 20 శాతమైనచో లక్ష రూపాయల ఖర్చులో 20 వేలు మనవి. గది అద్దెకు పరిమితియు నుండవచ్చును. ప్రీమియము తక్కువగా నున్నదని సంతోషించుటకు ముందు ఈ రెండు షరతులను చూచుకొనవలెను.

పెద్దలకు ఊరట కలిగించు విషయములు రెండు. 60 సంవత్సరములు దాటినవారి ప్రీమియమును, నియంత్రణ సంస్థను ముందుగా సంప్రదింపక, ఏటికి 10 శాతమునకు మించి పెంచరాదని 2025 జనవరి 30న ఉత్తరువైనది. వ్యక్తులు తీసికొను ఆరోగ్య బీమా ప్రీమియముపై నుండిన 18 శాతము జీఎస్టీ పన్నును 2025 సెప్టెంబరు 22 నుండి తొలగించిరి.

దాచినవారు, చెప్పినవారు

ఇప్పుడు మన పాఠమునకు ప్రాణమైన భాగమునకు వచ్చితిమి. సుప్రీం కోర్టువారి రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూతము.

మొదటిది 2009 జూలైలో వచ్చినది. ఒక పాలసీదారు తనకు చిరకాలముగా నున్న మధుమేహమును, మూత్రపిండముల వ్యాధిని ప్రతిపాదన పత్రములో చెప్పలేదు. ఆయన మరణానంతరము కుటుంబమువారు చికిత్స ఖర్చు కోరిరి. తనకు తెలిసిన వ్యాధిని, అందునను పత్రములో అడిగిన ప్రశ్నకు జవాబుగా, చెప్పుట పాలసీదారుని విధియని కోర్టువారు నిర్ణయించిరి. కంపెనీ నిరాకరణము నిలిచినది. కుటుంబమునకేమియు రాలేదు.

రెండవది 2021 డిసెంబరులో వచ్చినది. ఒకరు అమెరికా ప్రయాణమునకు ముందు బీమా తీసికొనుచు తమకు మధుమేహమున్నదని పత్రములో వ్రాసిరి. ఆ సంగతి తెలిసియే కంపెనీ పాలసీ ఇచ్చినది. అక్కడ దిగగానే గుండె జబ్బు చేసి స్టెంట్లు వేయవలసి వచ్చినది. ఇది పూర్వరోగ ఫలమని కంపెనీ నిరాకరించినది. ముందే చెప్పిన వ్యాధిని పరిశీలించి, ప్రీమియము పుచ్చుకొని, పాలసీ ఇచ్చిన పిదప, ఆ వ్యాధినే సాకుగా చూపి నిరాకరించుట చెల్లదని కోర్టువారు తీర్పు చెప్పిరి.

ఇద్దరిదియు మధుమేహమే. ఇద్దరి క్లెయిములను కంపెనీలు నిరాకరించినవే. చెప్పినవారు గెలిచిరి, దాచినవారి కుటుంబము ఓడినది. చెప్పిన రోగము మనకు సాక్షి. దాచిన రోగము మనకు ప్రతివాది.

"అయిదేండ్లు దాచగలిగినచో తరువాత ఎవరును అడుగరట గదా!" అని ఏజెంట్లు చెప్పుట కలదు. ఇందు అర్ధసత్యము కలదు. పాలసీ తెగకుండ 60 నెలలు నడచిన పిదప, ఫలానిది చెప్పలేదన్న కారణమున క్లెయిమును నిరాకరింపరాదని 2024 నియమము. లోగడ ఇది 8 సంవత్సరములు. కాని బుద్ధిపూర్వకమైన మోసము రుజువైనచో ఈ రక్షణ లేదు. పైగా 65 యేండ్ల పెద్దకు గుండె జబ్బు అయిదేండ్లు ఆగి వచ్చునని ఎవరు మాట యియ్యగలరు? ఈ నియమము తెలియక పొరపాటు చేసిన నిజాయితీపరుల కొరకు పెట్టినది. పొరపాటు చేయుటకు ప్రోత్సాహముగా పెట్టినది కాదు.

చెప్పినందువలన ప్రీమియము పెరుగుట నిజమే. ఆ పెరుగుదలను ఏటేట లెక్కింపుడు. దానిని ఒక్క స్టెంటు ఖర్చుతో పోల్చి చూడుడు. మగ్గము అమ్ముకొన్న ఇంటివారినడిగినచో ఏది తక్కువయో చెప్పుదురు.

పత్రము ఎవరి భాషలో నున్నది?

ఇక్కడ మన భాషా సమస్య అడ్డువచ్చుచున్నది. మన తాతలలో అనేకులు కరీంనగరు, నల్లగొండ, పాలమూరు ప్రాంతములనుండి మగ్గమును నమ్ముకొని ఈ నగరమునకు వచ్చినవారి సంతతి. వారికి చదువు వచ్చినచో తెలుగే వచ్చును. బజారులో మరాఠీ మాటలాడుదురు గాని కాగితము చదువలేరు. ఆంగ్లము చెప్పనక్కరలేదు. బీమా పత్రము ఆంగ్లములో నుండును. నేడు అదియు ఫోనులోనే నింపబడుచున్నది. చదువువచ్చిన కుమారుడో కోడలో నింపుదురు. పెద్దవారు వ్రేలు వేయుదురు. బాధ్యత మాత్రము సంతకము చేసినవారిదే. తాము వినని ప్రశ్నకు, తాము చెప్పని జవాబునకు ముసలితనమున శిక్ష అనుభవించుట న్యాయమా? దీనిని మాన్పుట మన చేతిలోనే కలదు.

పాలసీతోపాటు దాని ముఖ్య షరతులను సులభముగా తెలుపు సమాచార పత్రమును కంపెనీ ఇయ్యవలెను. పాలసీదారు కోరినచో దానిని స్థానిక భాషలో ఇయ్యవలెనని 2024 జనవరి 1 నుండి నియమము కలదు. మనమీ హక్కును వినియోగించుకొనవలెను. తెలుగు ప్రతి కావలెనని వ్రాసి అడుగుడు. తెలుగునాట కోట్లమంది ఇవే కంపెనీల పాలసీలు కొనుచున్నారు, అడుగుటలో తప్పులేదు. తెలుగు ప్రతి రానిచో మరాఠీ ప్రతినైనను తీసికొనుడు. మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు బాలుడు మరాఠీ చదివి తాతకు తెలుగులో చెప్పగలడు. రెండు భాషలు నేర్పుచున్నామని మనము గర్వపడుచున్నాము గదా! ఆ చదువు తాతగారి కక్కరకు రావలసిన చోటు ఇదియే.

పత్రము నింపునప్పుడు పాటింపవలసిన పద్ధతి యిది. పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ప్రతి ప్రశ్నను తెలుగులో చదివి, వారి జవాబు వినిన పిదపనే గుర్తు పెట్టుడు. మందుల డబ్బాను ఎదుట పెట్టుకొనుడు. మనిషి మరచినను మందు మరువదు. మగ్గము పనిలో దూది దుమ్ము పీల్చి, బీడీ పనిలో పొగాకు దుమ్ము పీల్చి ఆయాసపడుచున్నవారు దానిని రోగముగా ఎంచక "వయసు గదా!" అని త్రోసివేయుదురు. వైద్యుడు మందిచ్చియున్నచో అదియు చెప్పవలసినదే. ఏజెంటునకు నోటితో చెప్పిన మాటకు సాక్ష్యము లేదు. పత్రములో వ్రాసినదే మాట. నింపిన పత్రము నకలు తప్పక తీసికొని దాచుడు.

పాలసీ చేతికి వచ్చిన పిదప 30 దినములు పరిశీలనకు గడువు కలదు. ఆ లోపల చదివి, తప్పులున్నచో వ్రాసి దిద్దించుకొనవచ్చును. నచ్చనిచో త్రిప్పి పంపవచ్చును. లోగడ తప్పు వ్రాసి నేడు చింతించుచున్నవారును ఊరకుండరాదు. వ్యాధి లేని సమయముననే కంపెనీకి నిజము వ్రాయుడు. వారు ప్రీమియము పెంచవచ్చును. పాలసీని రద్దు చేసినను చేయవచ్చును. అయినను ఆసుపత్రి మంచముమీద తెలియుటకన్న నేడు తెలియుట మేలు.

ప్రభుత్వము తెరచిన తలుపులు

బీమా ప్రీమియము కట్టలేని కుటుంబములు మనలో చాల కలవు. వారికి వేరు మార్గములున్నవి. ఇందు పూర్వరోగమన్న ప్రశ్నయే లేదు.

70 సంవత్సరములు నిండిన ప్రతి పౌరునకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ భారత్ పథకములో ఏటికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభించునట్లు కేంద్ర ప్రభుత్వము 2024 సెప్టెంబరులో నిర్ణయించి, అక్టోబరు 29న ప్రారంభించినది. ఇందుకు వయ వందన కార్డు ఇత్తురు. మొదటి దినమునుండియే పాత వ్యాధులకును చికిత్స కలదు. భార్యాభర్తలిద్దరును 70 దాటినచో ఆ 5 లక్షలు ఇద్దరికిని కలిపి. ఆ కుటుంబము లోగడనే పథకములో నున్నచో పెద్దలకు ప్రత్యేకముగా మరి 5 లక్షలు. ప్రైవేటు బీమా యున్నవారును, ఇ.ఎస్.ఐ. వారును అర్హులే. కేంద్ర ఉద్యోగుల, మాజీ సైనికుల వైద్య పథకములలో నున్నవారు రెండింటిలో ఒకదానిని ఎంచుకొనవలెను. ఆధారు కార్డులోని వయస్సే ప్రమాణము. మన పెద్దలలో పుట్టిన తేది తెలియక ఏదో ఒక సంవత్సరము వ్రాయించినవారు కలరు గనుక ఆ కార్డును నేడే తీసి చూచుకొనుడు. వివరములకు 14555 నంబరునకు ఫోను చేయవచ్చును. ఈ పథకము ఆసుపత్రిలో చేరినవారికే; నెలనెలా కొను మాత్రలకు కాదు. పథకములో చేరిన ఆసుపత్రియైనచో ఇతర రాష్ట్రములోను పనిచేయుట దీని విశేషము. కూతురింటికి హైదరాబాదు పోయిన అవ్వకు ఇది అక్కరకు వచ్చును.

మహారాష్ట్ర ప్రభుత్వము 2012 జూలైలో పేదల చికిత్సకు ఒక పథకమును మొదట ఎనిమిది జిల్లాలలో ఆరంభించినది. ఆ ఎనిమిదింటిలో మన షోలాపురము ఒకటి. అదియే నేడు మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన. దీనిని 5 లక్షలకు పెంచి రాష్ట్రములోని కుటుంబములన్నిటికిని విస్తరింపవలెనని 2023లో నిర్ణయమైనది. ఇందు చేరిన ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర అను సహాయకుడుండును. చేర్చినవెంటనే రేషను కార్డుతో అతనిని కలియవలెను.

ఇ.ఎస్.ఐ. చందా కట్టి, అయిదు సంవత్సరములకు తక్కువ గాకుండ పనిచేసి, వయస్సు నిండి విరమించిన కార్మికుడు ఏటికి 120 రూపాయలు చెల్లించి తనకును, భార్యకును వైద్యము పొందవచ్చును. ఈ సంగతి తెలియక ఊరకున్న పెద్దలు మన పేటలలో కలరు.

ఇక మిగిలినది 60కి 70కి నడుమ నున్న పది సంవత్సరములు. పనిచేయు శక్తి తగ్గి, వ్యాధులు మొదలై, 70 యేండ్ల తలుపు ఇంకను తెరువని కాలమది. ఈ పాఠములో చెప్పిన బీమా విచారము ముఖ్యముగా ఆ పదేండ్లవారి కొరకే.

నిరాకరించినచో

కంపెనీ నిరాకరించినదని అంతటితో విడువరాదు. కారణమును వ్రాతలో పొంది, మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగమునకే వ్రాయవలెను. ఒక నెలలో జవాబు రాకున్నను, వచ్చినది న్యాయముగా లేకున్నను, బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు సంవత్సరములోపల విన్నవింపవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. షోలాపురమువారికి ఆ కార్యాలయము పుణేలో నున్నది. ఇతర రాష్ట్రములలోని మన బంధువులకు బెంగళూరు, చెన్నై, భువనేశ్వరములలో కార్యాలయములు కలవు. యానామువారికి హైదరాబాదు కార్యాలయము. అయితే అక్కడను మొదట చూచునది మనము నింపిన పత్రమునే. అది నిజముగా నున్నచో మన పక్షమున మాటలాడును.

మొదట చెప్పిన పెద్దాయన పక్షమున మేమును విన్నపము వ్రాసితిమి. పత్రములోని ఆ ఒక్క గుర్తు ముందు మా వాదము నిలువలేదు. వారికి పాలసీ లేదు. మరి నాలుగేండ్లకు 70 నిండును. ఆనాటివరకు ఏ ఆపదయు రాకూడదని కోరుట తప్ప మాకు వేరు దారి కనబడలేదు. మీ యింట అట్లు జరుగరాదు.

ఇంటివద్ద చేయవలసిన అభ్యాసము

1. ఒక నోటు పుస్తకములో తాతగారికొక పుట, అవ్వగారికొక పుట కేటాయించి, వారి వ్యాధులు, అవి మొదలైన సంవత్సరములు, వాడుచున్న మందులు, చేయించుకొన్న శస్త్రచికిత్సలు తెలుగులో వ్రాయుడు. ఈ పని పిల్లలచేతనే చేయింపుడు.

2. ఇంటిలో పాలసీ యున్నచో ప్రతిపాదన పత్రము నకలు తీసి, ఆ పుటతో పోల్చి చూడుడు. భేదమున్నచో కంపెనీకి వ్రాయుడు.

3. పాలసీ ఆరంభమైన తేదినుండి 36 నెలలు ఎప్పుడు నిండునో, 60 నెలలు ఎప్పుడు నిండునో లెక్క కట్టి, అట్టమీద వ్రాసి పెట్టుడు.

4. 70 నిండినవారున్నచో వారి ఆధారు కార్డులోని పుట్టిన తేదిని చూచి, వయ వందన కార్డునకు దరఖాస్తు చేయుడు.

5. తల్లిదండ్రులారా! మీలో నలువది యేండ్లవారు చాలమంది కలరు. మీకు నేడు చక్కెర లేదు, పోటు లేదు. మీ పాలసీని మీరు ఆరంభింపవలసిన కాలమిదియే. వేచియుండు కాలమంతయు ఆరోగ్యముగా నున్నప్పుడే గడచిపోవును.

పత్రము నింపుటలో సందేహమున్నవారు ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమునకు రావచ్చును. వచ్చునప్పుడు మందుల డబ్బాను, ఆ మందులు వాడు పెద్దవారిని కూడ వెంటబెట్టుకొని రావలెను. ప్రశ్నలను తెలుగులో వారినే అడిగెదము.